కుర్చీ లేని ఆచార్యులు



విశ్వవిద్యాలయాల్లో ఈ మధ్య ఒక చదువు పేరు తరచుగా వినబడుతోంది. అంతర్‌సాంస్కృతిక అధ్యయనం అంటున్నారు. కొన్నిచోట్ల తులనాత్మక సాహిత్యం అంటారు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో దీనికోసం ఒక కేంద్రమే ఉంది. ఈ చదువు చెప్పే ఆచార్యుడు ఏం చేస్తాడయ్యా అంటే, నాలుగు భాషలు నేర్చుకుంటాడు. ఒకచోట పుట్టిన కథ ఇంకోచోటికి పోయి ఎట్లా మారిందో పట్టి చూస్తాడు. అనువాదాలు చేస్తాడు. సదస్సులకు పోయి పత్రాలు చదువుతాడు. శిష్యుల చేత సిద్ధాంత వ్యాసాలు రాయిస్తాడు. చివరకు ఒకరోజు శాలువా కప్పించుకుని ఇంటికి వస్తాడు. మంచి ఉద్యోగమే, కాదనను.

ఈ పని మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతంలో ఏ విశ్వవిద్యాలయమూ అడగకుండానే జరిగింది. చేసినవాళ్ళలో ఒకాయన బడిపంతులు. ఇంకొకాయన ఇంజనీరింగు చదువు మధ్యలో పోగొట్టుకుని పత్రికల్లో చేరిన మనిషి. ఇద్దరికీ ఆచార్య పదవి లేదు. ఈ పూట వాళ్ళిద్దరి జీవిత వృత్తి గురించి చెప్పుకుందాం.

అంతకంటే ముందు, వాళ్ళు నడిచిన నేల సంగతి ఒకటి చెప్పాలి. జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డున దానవులపాడు ఉంది. అక్కడ బయటపడిన జైన శిథిలాల్లో రాష్ట్రకూటుల నాటి కన్నడ శాసనాలున్నాయి. అక్కడికి ఎంతో దూరం లేని కలమళ్ళలో రేనాటి చోళుల తెలుగు శాసనం ఉంది. తెలుగులో మనకు దొరికిన తొలి శాసనాల్లో అది ముందు వరసలో ఉంటుంది. సుమారు 575 నాటిదని పండితుల మాట. ఇక గండికోట. 1652లో తవెర్నియే అనే ఫ్రెంచి నగల వ్యాపారి, కోటను గెలుచుకున్న పారశీకుడు మీర్ జుమ్లాను కలుసుకోవడానికి అక్కడికి వచ్చాడు. అంటే ఒక ఫ్రెంచివాడు, ఒక పారశీకుడు తెలుగు కోటలో కూర్చుని గోల్కొండ సుల్తాను కాలంలో రత్నాల బేరం ఆడుకున్నారన్నమాట. సంస్కృతులు ఎదురుపడటమంటే ఏమిటో ఈ సీమకు పుస్తకాలు చదివి తెలుసుకోవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు.

ప్రొద్దుటూరు సంగతికి వద్దాం. ప్రొద్దుటూరంటే బంగారు అంగళ్ళు, పత్తి మిల్లులు, అమ్మవారిశాల దసరా గుర్తొస్తాయి. వ్యాపారం తప్ప ఇంకేముందని అనుకునేవాళ్ళు నాకు చాలామంది తగిలారు. కానీ ఆ ఊళ్ళోనే జమ్మలమడుగులో పుట్టిన దుర్భాక రాజశేఖర శతావధాని మేవాడు రాణా ప్రతాపుని మీద మహాకావ్యం రాశారు. జమ్మలమడుగు తాలూకా నెమళ్ళదిన్నెలో పుట్టిన గడియారం వేంకట శేషశాస్త్రి మరాఠా శివాజీ మీద ‘శ్రీ శివభారతం’ రాశారు. ఇద్దరూ జంటకవులు కూడా. ఒకరు రాజస్థాన్ వీరుణ్ణి, ఒకరు మహారాష్ట్ర వీరుణ్ణి తెలుగు పద్యంలోకి తెచ్చారు. పరాయి దొరల పాలనలో ఉన్న రోజులు కాబట్టి, ఆ రెండు కథలనే ఎందుకు ఎంచుకున్నారో అప్పటి పాఠకుడికి విడమరిచి చెప్పనవసరం లేదు. మన వీరుడు మన ఊళ్ళోనే పుట్టి ఉండాలన్న పట్టింపు వాళ్ళకు లేకపోయింది.

ఆ ఊరికి తెలుగు పంతులుగా వచ్చినవారు పుట్టపర్తి నారాయణాచార్యులు.

ఆయన 1914 మార్చి 28న అనంతపురం జిల్లా చియ్యేడులో పుట్టారు. పెరిగింది పెనుగొండలో. విజయనగర రాజులకు గురువులైన తాతాచార్యుల వంశం తమదని ఆ కుటుంబం చెప్పుకునేది. శ్రీవైష్ణవ ఆచార్యుల ఇల్లంటే మడి, ఆచారం, ప్రబంధ పారాయణం ఎట్లా ఉంటాయో మీకు తెలుసు. అలాంటి ఇంటి పిల్లవాడు పెనుగొండలో ఇద్దరు గురువుల దగ్గరికి పోయాడు. ఒకామె తెల్లదొరసాని. సబ్ కలెక్టరుగా ఉన్న పిట్ దొర భార్య. ఆమె దగ్గర ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్నాడు. రెండో ఆమె రంజకం మహాలక్ష్మమ్మ. దేవదాసీ కులంలో పుట్టిన నాట్య విదుషీమణి. ఆమె దగ్గర భరతనాట్యం నేర్చుకున్నాడు. ఆ కాలం ఎట్లాంటిదో ఒకసారి గుర్తు చేసుకోండి. అటు దొరసాని వాకిలి తొక్కడం, ఇటు నాట్యమాడేవాళ్ళ ఇంట గజ్జె కట్టడం, ఈ రెంటిలో ఏ ఒక్కటైనా ఆచార్యుల ఇంట్లో గొడవ రేపడానికి చాలు. పిల్లవాడు రెండూ చేశాడు. నన్నడిగితే పుట్టపర్తివారి పాండిత్యానికి తలుపు అక్కడ తెరుచుకుంది. ఆయనకు వచ్చని చెప్పుకునే పద్నాలుగు భాషలూ తర్వాతి మాట.

చిన్నతనంలోనే ఆయన ‘పెనుగొండ లక్ష్మి’ అనే కావ్యం రాశారు. పెద్దయ్యాక విద్వాన్ పరీక్షకు కూర్చుంటే, అదే కావ్యం పాఠ్యపుస్తకంగా ఎదురైంది. తన పద్యాలకు తానే ప్రతిపదార్థం రాసి, మార్కులు వేయమని ఇంకొకరి చేతికివ్వడం! తెలుగు సాహిత్యంలో ఇంతటి తమాషా ఇంకొకటి ఉందని నాకు తోచదు.

ప్రొద్దుటూరులో అగస్త్యేశ్వరస్వామి గుడి ఉంది కదా. ఆయన ‘శివతాండవం’ ఆ గుడిలో పుట్టిందే. ప్రదక్షిణలు చేస్తూ కట్టుకున్న రచన అది. కాలు కదులుతూ ఉండగా వచ్చిన మాటలు కాబట్టి వాటిలో నడక ఉంది. కళ్ళతో చదివితే సగమే తెలుస్తుంది. పైకి చదవాలి. మృదంగం మీద పడే దెబ్బలాగా ఒత్తక్షరాలు వరసగా వచ్చి పడతాయి, కొంతదూరం పోయాక మాట మెత్తబడుతుంది, అక్షరాల మధ్య ఖాళీ పెరుగుతుంది, ఊపిరి తీసుకోవడానికి చోటు దొరుకుతుంది. శివుని తాండవం అయిపోయి అమ్మవారి లాస్యం వచ్చేసరికి అదే తెలుగు ఇంకో తెలుగు అవుతుంది. ఛందస్సు ఒక్కటే వచ్చినవాడు ఇది రాయలేడు. జతులు తెలిసి ఉండాలి, రాగం తెలిసి ఉండాలి, పాదం ఎక్కడ ఆనుతుందో, ఎక్కడ లేస్తుందో ఒంటికి తెలిసి ఉండాలి. మహాలక్ష్మమ్మ ఇంట్లో నేర్చిన చదువు ఇక్కడ పనికొచ్చింది. పైగా రాసినాయన వైష్ణవుడు, రాసింది శివుని మీద. వైష్ణవానికీ శైవానికీ మన దేశంలో ఎన్ని తగాదాలు జరిగాయో తెలిసినవాళ్ళకు ఆ గడప దాటడం చిన్న సంగతి కాదని తెలుసు. ఆయన సభల్లో శివతాండవం చదువుతుంటే విన్న పెద్దలు మన జిల్లాలో ఇంకా ఉన్నారు. వాళ్ళను కదిలించి చూడండి, వాళ్ళే చెబుతారు.

సభల్లో ఆయన్ను పరిచయం చేసేటప్పుడు ‘పద్నాలుగు భాషల పండితుడు’ అనడం పరిపాటి. ఆ అంకె వింటే చప్పట్లు పడతాయి. నాకు మాత్రం ఆ పరిచయం రుచించదు. ఎన్ని భాషలు వచ్చు అనేది కాదు అసలు ప్రశ్న, ఏ భాషలోకి దేనికోసం పోయాడు, అక్కడినుంచి ఎవరికోసం ఏం మోసుకొచ్చాడు అని అడగాలి. ఆ పద్ధతిలో చూస్తే ఆయన చదువు మొత్తం ఒక దారిన పోతుంది. తులసీదాసు కోసం అవధీలోకి పోయారు. కబీరు వచనాలను తెలుగు చేశారు. ధర్మానంద కోశాంబి మరాఠీలో రాసిన ‘భగవాన్ బుద్ధ’ను తెలుగులోకి తెచ్చారు. ప్రాకృతం చదివి దాని మీద వ్యాసాలు రాశారు. విశ్వనాథ సత్యనారాయణ ‘ఏకవీర’ను మలయాళంలోకి పంపారు. ఈ చివరిది కాస్త ఆగి చూడదగ్గది. ఏకవీర కథ జరిగేది మధురలో, అంటే తమిళ దేశంలో తెలుగు నాయకులు ఏలిన చోట. రాసినాయన కృష్ణా జిల్లా మనిషి. దాన్ని రాయలసీమ పంతులు కేరళ పాఠకుడికి అందించాడు. దక్షిణాది మ్యాపు సగం ఆ ఒక్క పుస్తకంలోనే ఉంది.

మరాఠీలోకి ఎందుకు పోయారో ‘పండరీ భాగవతం’ చెబుతుంది. పండరి విఠోబా భక్తుల కథలు అవి. ఆ భక్తులు ఎవరు? నామదేవుడు బట్టలు కుట్టేవాడు. గోరా కుమ్మరి. చోఖామేళా అంటరానివాడని గుడి బయట నిలబెట్టిన మనిషి. తుకారాం చిన్న అంగడి పెట్టుకుని దివాలా తీసినవాడు. ఇలాంటివాళ్ళ కథను ప్రబంధ ఫక్కీలో, నిఘంటువు పక్కన పెట్టుకుని చదవాల్సిన పద్యాల్లో రాసి ఉంటే అభాసుపాలయ్యేది. ఆ శక్తి ఆయనకు లేక కాదు. ‘శ్రీనివాస ప్రబంధం’ రాసిన చేయే కదా అది. అయినా ఇక్కడ ద్విపద పట్టుకున్నారు. మన దగ్గర ద్విపద అంటే రంగనాథ రామాయణం, పల్నాటి వీరచరిత్ర, నలుగురు కూర్చుని పాడుకునే దారి. మరాఠీలో ఆ భక్తులు అభంగాలు పాడారు, వాళ్ళ కథలు ఓవీల్లో నడిచాయి. అవీ జనం నోట ఆడే పాటలే. కాబట్టి మరాఠీ జనం ఛందస్సుకు తెలుగు జనం ఛందస్సును జోడు కట్టారు. ఈ ఎంపిక మీద ఒక సిద్ధాంత వ్యాసం రాయొచ్చు. ఆయన రాయలేదు, కావ్యం రాసి ఊరుకున్నారు.

తిరువనంతపురంలో విశ్వవిద్యాలయం తయారుచేసే మలయాళ మహానిఘంటువు పనిలోనూ ఆయన కొంతకాలం ఉన్నారు. మాటల పుట్టుక చూసే పని. మలయాళం మాటకు మూలం చెప్పడానికి పెన్న ఒడ్డు మనిషి కావలసి వచ్చాడు! అక్కడినుంచి వచ్చి మళ్ళీ కడపలో బడిపంతులు. హాజరు పట్టీ, గంట, పరీక్ష పేపర్లు. రిషీకేశ్‌లో స్వామి శివానంద ఆయన్ను సరస్వతీపుత్రుడు అన్నారు. 1972లో పద్మశ్రీ వచ్చింది. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ఆచార్యుని కుర్చీ మాత్రం రాలేదు. అది ఏ ఒక్కరి తప్పూ కాదులెండి, కట్టుబాటు అట్లాంటిది. అప్పట్లో విద్వాన్ పట్టాతో హైస్కూల్లో తెలుగు పండితుడు కాగలిగేవాడు. విశ్వవిద్యాలయానికి ఎం.ఏ. కావలసి వచ్చేది. పుట్టపర్తి కావ్యాల మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు, ఆయన మాత్రం 1990 సెప్టెంబరు 1న పోయేదాకా కడప వీధుల్లో నడిచిన పంతులయ్యే.

ఒక పోలిక చెప్పనా. ఎరిక్ ఆవర్‌బాఖ్ అని జర్మనీలో పేరుమోసిన ఆచార్యుడు. యూదుడని 1935లో ఆయన్ను ఉద్యోగం నుంచి తీసేస్తే ఇస్తాంబుల్ చేరాడు. అక్కడ కావలసిన గ్రంథాలయం లేదు. ఉన్న పుస్తకాలతోనే హోమరు మొదలు ఇరవయ్యో శతాబ్దం దాకా యూరపు సాహిత్యాన్ని తూచి ‘మిమేసిస్’ రాశాడు. ఈ శాస్త్రానికి అది పెద్ద బాలశిక్ష అంటారు. పుస్తకాలు ఎక్కువ దొరికి ఉంటే ఆ పుస్తకం రాయగలిగేవాణ్ణే కాదేమో అని ఆయనే అన్నట్టు చెబుతారు. ప్రొద్దుటూరులో ఏ గ్రంథాలయం ఉందని పుట్టపర్తి అవధీ చదివారు, ప్రాకృతం చదివారు?

ఇక పులివెందుల వైపు పోదాం. ఆ తాలూకా పైడిపాళెంలో 1922లో పుట్టారు రాచమల్లు రామచంద్రారెడ్డి. రా.రా. అంటే అందరికీ తెలుసు. మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో చేరి, విద్యార్థి సమ్మెలో దిగినందుకు చదువు పోగొట్టుకున్నారు. వంతెనలు కట్టవలసిన మనిషి వాక్యాలు సరిచేసే పనిలో పడ్డారు. ‘సవ్యసాచి’ పత్రిక నడిపారు. 1960ల చివర ‘సంవేదన’ త్రైమాసిక పత్రిక తెచ్చారు. మొహమాటం లేని మనిషి. దిగంబర కవుల మీద ఆయన పెట్టిన చురకలు ఇప్పటికీ చెప్పుకుంటారు. కడప జిల్లాలో ఆయన చుట్టూ చేరిన కుర్రవాళ్ళు ఆయన మెప్పు కంటే ఆయన తిట్టునే ఎక్కువ దాచుకునేవారంటే అతిశయోక్తి కాదు.

1970ల్లో ఆయన మాస్కో పోయారు. ప్రగతి ప్రచురణాలయంలో తెలుగు అనువాదకుడి ఉద్యోగం. సోవియట్ పుస్తకాలు మీలో చాలామంది చూసే ఉంటారు. గట్టి అట్ట, తెల్లని కాగితం, అగ్గువ ధర. విశాలాంధ్ర పుస్తకాల బండి ఊళ్ళోకి వస్తే ఎగబడి కొనేవారు. చెహోవ్ కథలు పైడిపాళెం మనిషి చేతి మీదుగా తెలుగులోకి వచ్చాయి. మంచు అంటే నల్లరేగడి చేన్లలో తెల్లవారుజామున ఆకు మీద కనబడే తడి మాత్రమే తెలిసిన పాఠకుడికి, ఆరు నెలలు నేల కనబడని ఊళ్ళో మనుషుల దిగులు చెప్పాలి. సమోవార్ ఉడుకుతుంటే దాని చుట్టూ కూర్చునే ఇంటిని చూపాలి. మాట అర్థమైతే చాలదు, ఆ ఇల్లు మన ఇల్లులాగా అనిపించాలి.

ఈ తంటాలన్నీ పడిన తర్వాత ఆయన రాసిన పుస్తకం ‘అనువాద సమస్యలు’. 1988లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి దానికే వచ్చింది. ఆ ఏడాది నవంబరులోనే ఆయన కన్నుమూశారు. అనువాదకుడికి పరాయి భాష ఎంత వచ్చు అని మనం అడుగుతాం. తెలుగు ఎంత వచ్చు అని రా.రా. అడిగారు. పరాయి వాక్యం కట్టుబడిని తెలుగు మీద రుద్దితే తెలుగు కుంటుతుందని పత్రికల వాక్యాలు పట్టుకుని చూపించారు. నా సొంత ఉదాహరణ ఒకటి ఇస్తాను. ‘మంత్రిగారిచే ప్రారంభింపబడిన వంతెన వరదలచే కొట్టుకొనిపోబడినది’ అని రాస్తే తప్పేమీ లేదంటాడు వ్యాకరణం పంతులు. ‘మంత్రి ప్రారంభించిన వంతెన వరదకు కొట్టుకుపోయింది’ అంటుంది పులివెందుల బస్టాండులో కూరగాయలమ్మే అమ్మ. రా.రా. ఎప్పుడూ ఆ అమ్మ పక్షమే. పత్రికాఫీసులో కొత్తగా చేరిన పిల్లలకు మొదటి వారం జీతం కంటే ముందు ఆ పుస్తకం ఇవ్వాలని నా అభిప్రాయం.

వీళ్ళిద్దరికీ పొత్తు కుదిరేది కాదు. ఒకాయన భక్తుడు, ఒకాయన మార్క్సిస్టు. పుట్టపర్తికి పరాయి భాష తీర్థయాత్ర. పోయి, మునిగి, చెంబుతో నీళ్ళు తెచ్చి ఇంట్లో అందరి మీదా చల్లుతారు. రా.రా.కు అది పరిష్కరించవలసిన లెక్క. ఎక్కడ తప్పిందో చూపించందే వదలరు. ఒకరి దగ్గర ఉత్సాహం, ఒకరి దగ్గర నిక్కచ్చితనం. ఈ చదువుకు రెండూ కావాలి. ఒకే మనిషిలో రెండూ ఉండటం అరుదు. ఒకే జిల్లాలో, పాతిక మైళ్ళ తేడాలో దొరకడం మన అదృష్టం.

ఇక్కడ ఒక విడ్డూరం ఉంది. 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చిన సి.పి. బ్రౌన్ ఇక్కడి పండితుల సాయంతో తెలుగు చదివి, వేమనను అచ్చు వేయించి, నిఘంటువు కట్టి, చివరకు 1865లో లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడయ్యారు. కడప తెలుగుతో ఆచార్య పదవి అందుకున్న తొలి మనిషి ఒక దొర! ఆయనకు తాళపత్రాలు చదివి వినిపించిన మన పండితుల్లో ఎందరి పేర్లు మనకు గుర్తున్నాయి? తర్వాతి తరంలో కేతు విశ్వనాథరెడ్డిగారి వంటివారు మన పల్లెల నుంచి పోయి, కడప ఊళ్ళ పేర్ల మీద పరిశోధన చేసి, సార్వత్రిక విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. కడపలోనే 2006లో యోగి వేమన పేరుతో విశ్వవిద్యాలయం వచ్చింది. దారి పడింది, సంతోషం.

అయితే కుర్చీ ఉన్న ఆచార్యుడు పోయినా ఆయన కాగితాలు ఎక్కడికీ పోవు. విభాగం ఉంటుంది, గ్రంథాలయం ఉంటుంది, శిష్యుల సిద్ధాంత గ్రంథాలు ఉంటాయి. బడిపంతులు పోతే కాగితాలు అటక మీదికి పోతాయి. చిన్న పత్రిక ఆగిపోతే పాత సంచికలు తూకానికి పోతాయి. పుట్టపర్తివారు వేదికల మీద చేసిన ప్రసంగాలు ఎన్ని రాతలోకి వచ్చి ఉంటాయి? సవ్యసాచి, సంవేదన సంచికలు ఎవరి ఇళ్ళల్లో ఉన్నాయి?

అందుకని ఈ ప్రసంగం వింటున్నవాళ్ళకు ఒక విన్నపం. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, ఎర్రగుంట్ల, ముద్దనూరు పక్క ఊళ్ళల్లో మీ నాయనో తాతో బడిపంతులుగానో, పార్టీ కార్యకర్తగానో, పుస్తకాల పిచ్చి ఉన్న రైతుగానో బతికి ఉంటే, ఆయన ట్రంకు పెట్టె ఒకసారి తెరవండి. పాత పత్రిక సంచికలు, సభల కరపత్రాలు, ఈ పెద్దలు రాసిన కార్డు ముక్కలు కనబడితే పాత పేపర్లు కొనేవాడికి వేయకండి. కడప ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది. బ్రౌన్ బంగళా ఉన్న స్థలంలో, ఇంగ్లీషు పాఠాలు చెప్పిన జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు ఊరూరా తిరిగి చందాలు పోగు చేసి నిలబెట్టిన చోటు అది. చెదలు పట్టకముందే వాటిని అక్కడికి చేర్చండి. అసలు ఇవ్వడానికి మనసొప్పకపోతే నకలైనా తీసి ఇవ్వండి.